అన్యోన్యాశ్రయం

సాయంసంధ్య వేళ దేవుని దగ్గర దీపం పెట్టి మా ఆవిడ ఇంకా అగ్గిపుల్ల ఆర్పనైనా లేదు, మేడమీద నుంచి ఒక కూత వినవచ్చింది. అది రైలుకూత కాదు, కుక్కరు కూతా కాదు. ఇనుపరేకు మీద మేకుతో గీసినట్టు సన్నగా మొదలై, అంతకంతకు పదునెక్కి, ఊపిరి తీసుకోకుండా సాగిపోయింది. ఎదురింటి పసిబిడ్డ ఏడుపందుకుంది. వీధిలో కుక్కలు గొంతు కలిపాయి. నేను చేతిలో పుస్తకం మూసి, ఈ వయసులో ఎక్కగలిగినంత వేగంగా మెట్లెక్కాను.

మా దౌహిత్రుడు మెడలో ఎలక్ట్రిక్ గిటారు వేసుకుని గది నడుమ నిలబడి ఉన్నాడు. ఇంజనీరింగు రెండవ సంవత్సరం. విజయనగరంలో మా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. వాడి చేతులు తీగలను తాకడం లేదు. రెండు అరచేతులూ గాలిలో పైకెత్తి ఉన్నాయి. అయినా ఎదురుగా ఉన్న పెట్టె కూస్తూనే ఉంది.

"నేనేం చెయ్యటం లేదు తాతయ్యా!" అన్నాడు వాడు.

ఆ మాటా, ఆ ఎత్తిన చేతులూ నాకు కొత్తవి కావు. 1988లో మరొక కుర్రవాడు సరిగ్గా అట్లాగే చేతులు ఎత్తి, "నేనేం చెయ్యలేదు మాస్టారూ!" అన్నాడు. ఆనాడు నేను వాడిని నమ్మలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

మనవడు గిటారు మీది మీట తిప్పగానే కూత ఆగింది. "ఏమిట్రా ఇది?" అంటే "ఫీడ్‌బ్యాక్" అన్నాడు. ఎందుకు వస్తుందంటే, "సౌండు ఎక్కువ పెడితే వస్తుంది" అన్నాడు. మరి తక్కువ పెట్టుకోరాదా అని నేను అడగకముందే వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాలించి అడిగితే అసలు విషయం బయటపడింది. నలుగురు పిల్లలు ఒక జట్టుగా కళాశాల వార్షికోత్సవంలో వాయించబోతున్నారు. డ్రమ్ములు వాయించే కుర్రవాడి మోతకు సరితూగాలంటే గిటారు శబ్దం పెంచక తప్పదు. పెంచితే ఈ కూత. పది రోజుల్లో గిటారు బాగుపడకపోతే, మంచి గిటారు ఉన్న ఇంకొక కుర్రవాడిని తీసుకుంటామని తక్కిన ముగ్గురూ తేల్చి చెప్పారట. వీడి గిటారు ఎవరో వాడి వదిలేసినది. ఏడాదిపాటు కూడబెట్టిన చేతిఖర్చు డబ్బుతో కొన్నాడు. కొత్తది కొనిపెట్టమని తండ్రిని అడగడు. నన్నూ అడగడు. అంతటి అభిమానం ఎవరి పోలికో నాకు తెలుసును గనుక నేనూ ఆ ప్రస్తావన తేలేదు.

నిజం చెప్పాలంటే విద్యుత్తుతో పలికే తంత్రీవాద్యమంటే నాకు చాలాకాలం చిన్నచూపే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటివారు నడచిన ఊళ్ళో ఉంటున్నవాడిని. వాద్యానికి కరెంటు తీగ తగిలించడం అపచారమన్న భావం ఉండేది. దానిని పోగొట్టిన వారు పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. మామూలు మాండలిన్‌లో తీగ మీటగానే నాదం చప్పున ఆరిపోతుంది, గమకం పలికేందుకు వ్యవధి ఉండదు. జంట తీగల స్థానంలో అయిదు ఒంటి తీగలు కట్టి, పికప్ అమర్చి, ఆరిపోయే నాదాన్ని ఆయన నిలబెట్టారు. 2014లో, నలభై అయిదేళ్ళకే ఆయన వెళ్ళిపోయినప్పుడు మా ఇంట్లో ఆ పూట ఎవరికీ అన్నం సహించలేదు. కాబట్టి మనవడి గిటారును నేను ఆడిపోసుకోలేదు. ఆ కూతను మాత్రం భరించలేకపోయాను.

పికప్ అంటే ఒకవిధమైన చిన్న మైకు అని అంతవరకు నా ఊహ. కాదట. మైకు గాలిలోని శబ్దాన్ని వింటుంది. పికప్‌కు గాలితో పనిలేదు; అది ఉక్కుతీగ కదలికను మాత్రమే గుర్తు పడుతుంది. ఆరు తీగల కింద ఆరు అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగితీగ ఏడెనిమిది వేల చుట్లు. పైన ఉక్కుతీగ కంపించినప్పుడల్లా కింద అయస్కాంత క్షేత్రం చలిస్తుంది, ఆ చలనం చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. తక్కిన వాద్యాల హోరులో గిటారు వినబడడం లేదన్న బాధతో 1930ల తొలినాళ్ళలో అమెరికాలో రికెన్‌బ్యాకర్, ఆయన సహచరులు దీనిని గిటారుకు అమర్చారు. అంటే ఈ పరికరం పుట్టిందే శబ్దం పెంచుకోవడానికి. శబ్దం తగ్గించుకోమని సలహా ఇవ్వడం ఎంత అవివేకమో అప్పుడు తెలిసింది.

ఇక కూత సంగతి. తీగ కదలిక పికప్‌లో విద్యుత్తయింది. ఆ విద్యుత్తు పెట్టెలో పెరిగి పెద్ద శబ్దమయింది. ఆ శబ్దం గదిలో ప్రయాణించి వచ్చి మళ్ళీ గిటారునే తాకింది. తాకి కదిలించింది. ఆ కదలిక మళ్ళీ విద్యుత్తయింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ వచ్చి తాకింది. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు నడుస్తుంది కనుక మూడు మీటర్ల గదిలో ఈ ప్రదక్షిణానికి సెకనులో నూరవ వంతు కూడా పట్టదు. ఒక్కొక్క చుట్టులో పోయినదానికంటే వచ్చినది ఎక్కువైతే, వచ్చిన అల ఉన్న అలతో కాలు కలిపి నడిస్తే, ఇక దానిని పట్టేవాడు లేడు. ఒకానొక స్థాయిలో మాత్రం తక్కిన అన్ని స్వరాలనూ తొక్కి కూత పైకి లేస్తుంది. డెన్మార్కు దేశపు భౌతికశాస్త్రవేత్త లార్సెన్ దీనిని పరిశోధించడం వల్ల ఐరోపాలో పలుచోట్ల దీనికి ఆయన పేరే ఉంది.

ఇది వింటుంటే నాకు తర్కం చెప్పిన గురువుగారు గుర్తుకు వచ్చారు. అన్యోన్యాశ్రయ దోషాన్ని బోధించేటప్పుడు ఆయన శాస్త్రంలోని ఉదాహరణలు పక్కనపెట్టి, "పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు" అనే సామెత చెప్పేవారు. పెట్టెకు శబ్దం గిటారు నుంచి రావాలి, గిటారుకు కదలిక పెట్టె నుంచి రావాలి. ఒక్క భేదం ఉంది. తర్కంలో రెండూ ఒకదానికోసం ఒకటి కాచుకుని కదలకుండా ఉండిపోతాయి. ఇక్కడ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ ఆగకుండా పోతాయి. మనవడికి ఈ మాట చెబితే వాడు నవ్వి, "మీ గురువుగారు యాంప్లిఫయరు చూసి ఉంటే ఇంకో దోషం కనిపెట్టేవారు" అన్నాడు.

మరునాడు ఆదివారం. ఇద్దరం ఆ గిటారు ముందు కూర్చున్నాం. వాడికి గిటారు తెలుసు, నాకు ప్రశ్నలు వేయడం తెలుసు. ముప్పై ఏళ్ళకు పైగా అదే నా వృత్తి.

మొదటి సందేహం: కూసేది తీగా, మరొకటా? తీగ తనంత తాను మోగడం నాకు తెలియని వింత కాదు. మా ఆవిడ వీణ మీద ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగలలో ఒకదాని మీద చిన్న కాగితపు ముక్క మడిచి పెట్టి, రెండవదానిని మీటితే ఆ కాగితం ఎగిరి పడుతుంది. బడిలో ఎన్నిసార్లో పిల్లలకు చూపించాను. పెట్టెలోంచి వచ్చిన పెనుశబ్దం గిటారు తీగనూ అట్లాగే మోగిస్తుంది. అయితే దానికి విరుగుడు తేలిక: అరచేయి తీగల మీద ఆనిస్తే చాలు. మనవడు రెండు చేతులతోను ఆరు తీగలనూ అదిమి పట్టాడు. నేను పెట్టె మీట పెంచాను. కూత ఏమాత్రం తగ్గలేదు. అంటే దొంగ తీగ కాదు.

గిటారు మీద పికప్‌లు మూడు. ఒక మీటతో ఏది కావాలంటే దానిని ఎంచుకోవచ్చు. మెడ దగ్గరిది పెట్టి చూశాం, మౌనం. నడిమిది, మౌనం. వంతెన దగ్గరిది పెట్టగానే కీచుమంది. పెన్సిలు వెనుక భాగంతో మూడింటినీ మెల్లగా తట్టాం. మొదటి రెండూ 'టిక్కు' మని ఊరుకున్నాయి. మూడవదాని మీద తట్టుడు పెట్టెలోంచి తలుపు బాదినట్టు వినవచ్చింది.

అప్పుడు మనవడు తీగల కింద గుడ్డముక్క దూర్చి, "దీన్లోకి మాట్లాడండి తాతయ్యా" అన్నాడు. నేను గిటారుకు నోరు ఆనించినంత పని చేసి, బడిలో పలికినట్టు అకారం మొదలు ఔకారం దాకా గట్టిగా అచ్చులు చదివాను. నూతి అడుగునుంచి ఎవరో వల్లె వేసినట్టు, నా గొంతే, పెట్టెలోంచి వచ్చింది. గాలిని వినకూడని పికప్ నా అచ్చులన్నీ విన్నది! మా ఆవిడ కిందనుంచి, "ఏమండీ, పిల్లవాడికి ఇప్పుడు అక్షరాభ్యాసమా?" అని అడిగింది.

కారణం ఇది. ఏడెనిమిది వేల చుట్లు బిగువుగా, ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. చౌకగా చుట్టిన చుట్టలో నడుమ నడుమ వదులు ఉంటుంది. పెద్ద శబ్దం తగలగానే ఆ వదులు చుట్లు అయస్కాంతం ఎదుట తామే అదురుతాయి. ఉక్కుతీగ కదిలినా చుట్ట కదిలినా ఫలితం ఒకటే, విద్యుత్తు పుడుతుంది. పికప్ తన ధర్మం విడిచి మైకు అవతారం ఎత్తుతుంది. తీగ పెట్టే కూతకు ఒక స్వరస్థానం ఉంటుంది, చెవికి అంత కటువు కాదు. ఈ చుట్ట కూత మాత్రం అందుకోలేనంత పైస్థాయిలో, ఏ శ్రుతికీ లొంగకుండా ఉంటుంది. ఎదురింటి బిడ్డను ఏడిపించింది ఇదే.

కరెంటు పెట్టగానే గిటారులో వినిపించే బొంయ్‌మనే రొద దీనికి సంబంధించినది కాదని కూడా తెలుసుకున్నాను. అది మన ఇళ్ళలోని 50 హెర్ట్జ్‌ల కరెంటు ఇచ్చే వరం. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ రొదను ఒకదానితో ఒకటి కొట్టివేసే ఉపాయాన్ని గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ 1955లో కనిపెట్టారు. ఆ జంటచుట్ట కూడా వదులుగా ఉంటే కూయక మానదు. రోగాలు రెండు, మందులు రెండు. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు.

పై పై ఉపాయాలన్నీ మొదట ప్రయత్నించాం. పెట్టెకు ఎదురుగా కాక పక్కకు తిరిగి నిలబడడం, దూరంగా జరగడం. ఆరుబయట దూరం రెట్టింపయితే ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. మా గదిలో గోడలు ఆ లెక్కను సాగనివ్వలేదు. వాడు కాలితో తొక్కే ఒక పెట్టె ఉంది, స్వరాన్ని గరుకుగా చేసేది. దాని బలం సగానికి తగ్గిస్తే కూత బాగా తగ్గింది, దానితోపాటు వాడికి కావలసిన నాదమూ పోయింది. పికప్ కింద మెత్తని స్పాంజి ముక్క పెట్టాం. కాస్త మేలు. వాయించనప్పుడు శబ్దాన్ని తనంత తాను మూసేసే పరికరం ఒకటి ఉందని, స్నేహితుడి దగ్గర తెచ్చి తగిలించాడు. చేయి ఆపగానే నిశ్శబ్దం, చేయి వేయగానే కూత. తలుపు మూసినంత మాత్రాన ఇంట్లో కొట్లాట ఆగుతుందా?

అసలు మందు మైనం. చుట్టను కరిగిన మైనంలో ముంచితే అది సందులన్నిటిలోకీ చొరబడి, చల్లారాక చుట్లన్నిటినీ ఒకటిగా బిగించి పట్టుకుంటుంది. ఇది చెప్పగానే మా ఆవిడ, "వీణ మెట్లు నిలబెట్టేదీ మైనమేగా" అంది. ఎంత నిజం! బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చెక్కిన వీణ ఆమెది, పుట్టింటివారు పెట్టినది. ఇరవై నాలుగు మెట్లనూ కదలకుండా పట్టి ఉంచేది తేనెమైనంలో నల్లపొడి కలిపి చేసిన ముద్దే. అక్కడ మెట్టు కదిలితే అపస్వరం, ఇక్కడ చుట్టు కదిలితే కూత. అమరసింహుడు తేనెమైనానికి మధూచ్ఛిష్టం, సిక్థకం అని రెండు పేర్లు చెప్పాడు. మధూచ్ఛిష్టం అంటే తేనె ఎంగిలి. ఆ ఎంగిలితో అమెరికా గిటారుకు వైద్యం చేయబోతున్నందుకు నాకు లోలోపల ఉత్సాహంగానే ఉంది.

ఆయుర్వేద సరుకులు అమ్మే దుకాణంలో తేనెమైనం 80 గ్రాములు కొన్నాం. కొవ్వొత్తుల మైనం 320 గ్రాములు. నాలుగుపాళ్ళకు ఒక పాలు. కొవ్వొత్తి మైనం ఒక్కటే అయితే చల్లారాక పెళుసెక్కి బీటలు వారుతుంది. తేనెమైనం దానికి సాగే గుణం ఇస్తుంది. ఈ మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు. ఎక్కువ వేడెక్కితే దాని ఆవిరి భగ్గున అంటుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు, అందులో చిన్న గిన్నె, దానిలో మైనం. పప్పు ఉడికించే పద్ధతే. వేడి 65 డిగ్రీల దగ్గర నిలవాలి. అంతకు బాగా తగ్గితే మైనం లోపలికి దిగదు, బాగా పెరిగితే చుట్టను మోసే ప్లాస్టిక్కు వంకరపోతుంది. బడిలో నాతో కలిసి పనిచేసిన సైన్సు మాస్టారు ఉష్ణమాపకం ఇచ్చారు, ఇచ్చి తానూ వచ్చి కూర్చున్నారు. నీళ్ళు కాగగానే పొయ్యి ఆర్పేసి, చల్లారుతుంటే మళ్ళీ వెలిగిస్తూ, ముగ్గురు మగవాళ్ళం ఒక గిన్నె చుట్టూ మూగితే మా ఆవిడ వంట ఆ పూట సాగలేదు.

మనవడు పికప్ విప్పి, టంకం ఊడదీసి, పైతొడుగు తీసేశాడు. ముంచే ముందు మీటరు పెట్టి చూస్తే 6.1 కిలో ఓమ్‌లు చూపించింది. రాగితీగ ఎక్కడైనా తెగితే ఆ అంకె కనబడదు. పని అయ్యాక మళ్ళీ ఇదే అంకె రావాలి. తీగకట్టి, గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి ముంచాడు. చిన్న చిన్న బుడగలు వరుసగా పైకి రాసాగాయి. చుట్టలో దాగిన గాలి అది. ఆ గాలి ఉన్న చోటల్లా వదులు ఉన్నట్టే. పావుగంటకు బుడగలు పలుచబడ్డాయి, ఇరవయ్యో నిమిషానికి ఆగాయి. బయటికి తీసి, పైన కారుతున్న మైనాన్ని తుడిచి, కాగితం మీద పెట్టాడు. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదని వాడు హుకుం జారీ చేస్తే సైన్సు మాస్టారు, నేను బుద్ధిమంతులమై చేతులు కట్టుకుని కూర్చున్నాం.

మీటరు 6.1 చూపించింది.

తిరిగి అమర్చి, శబ్దం పెంచాడు. నిన్నటి గుర్తు దాటింది, కూత లేదు. ఇంకా పెంచాడు. కిటికీ అద్దం అదిరింది గాని కూత లేదు. పెన్సిలుతో తట్టితే 'టిక్కు' మాత్రమే. నేను వంగి మళ్ళీ అచ్చులు చదివాను, పెట్టె పలకలేదు. జీవితంలో ఒక విద్యార్థి నా పాఠం వినకపోయినందుకు సంతోషించినది అదొక్కసారే.

అయితే ఒక మెలిక. వాడు ఒక తీగ మీటి, పెట్టెకు ఎదురుగా నిలబడి అట్లాగే ఉండిపోయాడు. స్వరం ఆరిపోవలసినది ఆరలేదు. మెల్లగా ఉబికి, పైస్థాయి షడ్జమంలోకి జారి, కోరినంతసేపు నిలిచింది. "మళ్ళీ కూస్తోందిరా!" అని నేను కంగారు పడ్డాను. "ఇది కావాలి తాతయ్యా" అన్నాడు. ఇది తీగ పెట్టే కూత, అరచేయి ఆనిస్తే ఆగేది. 1964లో బీటిల్స్ వారు ఒక పాట ఆరంభంలో దీనిని కావాలనే రికార్డు చేశారట. జిమీ హెండ్రిక్స్ అనే ఆయన దీనినే ఒక గాత్రంలాగా పలికించాడట. మనవడు వినిపిస్తే విన్నాను. అందులో కొంత నాకు గోలగానే తోచింది. కొంత మాత్రం, నాదాన్ని ఆరిపోనివ్వకూడదని మన వైణికులు పడే తపన వంటిదే అనిపించింది. మైనం పూర్తిగా పట్టించిన పికప్‌లో జీవం తగ్గుతుందని వాదించేవారూ ఉన్నారట; 1950లలో గిబ్సన్ వారు మైనం లేకుండా చేసిన పాత పికప్‌ల కోసం నేటికీ వెల చూడకుండా కొనేవారున్నారట. రసజ్ఞుల తగవులు ఏ దేశంలోనైనా ఇంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1988 ఆగస్టు 15. నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాల. నాకు ముప్పై ఏళ్ళు, కంఠం బాగుంటుందని పేరు, దానికి తగిన అహంకారం. పతాకావిష్కరణ తరువాత స్వాతంత్ర్య సమరం మీద నేను రచించిన పద్యాలు చదవాలి. మైకుసెట్టు చూసుకునేవాడు తొమ్మిదవ తరగతి కుర్రవాడు. తండ్రి పెళ్ళిళ్ళకు దీపాలు కట్టేవాడు. వాడికి తీగలతో పరిచయం ఉంది. రెండు హారన్లు, ఒకటి వేపచెట్టుకు, ఒకటి ప్రహరీగోడకు, రెండూ జనం వైపు తిప్పి కట్టాడు. నేను మొదటి పద్యం ఎత్తుకున్నాను. రెండవ పాదానికి కూత. తగ్గింది. మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ కూత. పిల్లలు నవ్వారు. వేదిక మీది పెద్దలూ నవ్వారు. నేను దిగి వెళ్ళి, అందరి ఎదుట వాడి చెంప మీద కొట్టాను. చేతులు పైకెత్తి వాడు ఆ ఒక్క మాటే అన్నాడు. ఆ తరువాత వాడు మళ్ళీ మైకు ముట్టుకోలేదు. పదవ తరగతి మా బడిలో చదవనూ లేదు.

మేడమీద గదిలో గిటారు పెట్టెకు ఎదురుగా తిప్పితే కూయడం, పక్కకు తిప్పితే ఊరుకోవడం కళ్ళారా చూశాను కదా. మైకు తలను గుప్పిట మూసి పట్టుకుంటే అది అన్ని వైపుల శబ్దాన్నీ లాగుతుందని కూడా మనవడు చెప్పాడు. ఆ ఆగస్టు ఉదయాన్ని మళ్ళీ తలచుకున్నాను. నేను మైకును స్టాండు నుంచి ఊడదీసి, రెండు చేతుల్లో బిగించి పట్టుకున్నాను. అది నిశ్చయంగా గుర్తుంది. ఫోటో కూడా ఉంది. ఫోటోలో నా వెనుక ప్రహరీగోడ, దాని మీద హారను. దాని నోరు వేదిక వైపు ఉంది.

జనం వైపు కట్టిన హారను వేదిక వైపు ఎందుకు తిరిగింది?

మూడు రోజులు విచారించి వాడి ఫోన్ నెంబరు సంపాదించాను. శృంగవరపుకోట దగ్గర టెంట్లు, లైట్లు, సౌండుసెట్లు అద్దెకిచ్చే వ్యాపారం చేస్తున్నాడు. పేరు చెప్పగానే, "మాస్టారూ! ఏటండీ, బాగున్నారా?" అన్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక గిటారు కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మైనం పెట్టేరా? అదే రైటండీ" అన్నాడు. అప్పుడు అడిగాను, ఆ రోజు హారను ఎవరు తిప్పారని.

కొంచెం ఆగి, "మీరే కదండీ తిప్పమన్నారు. స్టేజీ మీద పెద్దోళ్ళకి పద్యం వినబడాలన్నారు. తిప్పితే కూస్తాదని సెప్దామనుకున్నానండి" అన్నాడు.

"మరి చెప్పలేదేం?"

"సెప్పనిచ్చేరేటండీ?" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను సిద్ధం చేసుకున్న వాక్యం ఒకటి ఉంది. వ్యాకరణం తప్పు లేనిది. అది నోటికి రాలేదు. వాడే, "పిల్లాడి ప్రోగ్రాం ఎప్పుడండీ?" అని అడిగాడు.

వార్షికోత్సవం సాయంకాలం వాడు పని మానుకుని మోటారుసైకిలు మీద వచ్చాడు. తల నెరిసింది. అక్కడ సెట్టు పెట్టినవారు వేరే, అయినా ఆ వృత్తిలో వారంతా ఒకరికొకరు ఎరుకే. వేదిక ఎక్కి, వాయించేవారి కోసం కింద పెట్టిన స్పీకరు పెట్టెను ఒక జానెడు పక్కకు తిప్పాడు. గిటారు పెట్టె ఎదురుగా నాలుగడుగులు కొలిచి, నేల మీద నల్లటేపు అంటించి, మా మనవడితో, "బాబూ, కూత కావాలంటే దీని లోపలికి రా, అక్కర్లేకపోతే బయటుండు" అన్నాడు. ఆ ఒక్క మాటలో, వారం రోజులు మేము పడిన పాటంతా ఉంది.

మనవడు వాయించాడు. మూడవ పాటలో ఒక్కసారి టేపు దాటి లోపలికి వెళ్ళాడు. స్వరం నిలిచింది. మళ్ళీ బయటికి వచ్చాడు. నాకు పాట అర్థం కాలేదు, పిల్లల కేరింతలు అర్థమయ్యాయి.

అంతా అయిపోయాక, తనది కాని సెట్టు తీగలను వాడు అలవాటుకొద్దీ చుట్టసాగాడు. ఒక చుట్టు పైనుంచి, మరొక చుట్టు కిందనుంచి. అట్లా చుడితే తీగ మెలిపడదట. నేను దగ్గరకు వెళ్ళి, "ఆ రోజు..." అన్నాను.

"ఈ కొస కాస్త పట్టుకోండి మాస్టారూ" అన్నాడు.

పట్టుకున్నాను. నూరడుగుల తీగ. వాడు చుట్టడం పూర్తయ్యేదాకా పట్టుకునే నిలబడ్డాను.